జానెడు ఎత్తున దీపం

బేస్‌మెంట్ మెట్లు దిగి చూసేసరికి ఓరెస్ట్‌కి ఒళ్ళు మండిపోయింది. కరెంటు దీపం మళ్ళీ పైకెక్కి కూర్చుంది.

పొద్దున తనే గొలుసు దించి, మొలకల తలల మీద జానెడు ఎత్తున వేలాడదీశాడు. ఇప్పుడది దూలాన్ని ఆనుకుని ఉంది. దాని కింద నాలుగు గంజాయి మొలకలు వెలుతురు కోసం మెడలు సాచి, దారప్పోగుల్లా సాగి, పాలిపోయి పక్కకు వాలుతున్నాయి.

ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవడానికి కెనడా సర్కారు ఒప్పుకుంది. ఈ ఇంట్లోనే ఎవరో ఒప్పుకోలేదు.

మొదటి విడత మొలకలు ఇలాగే నడుం విరిగి చచ్చాయి. విత్తనాలు మంచివి కావేమో అనుకున్నాడు. పక్కింటి డ్వేన్ వచ్చి చూసి పకపకా నవ్వాడు.

"విత్తనం కాదయ్యా, దీపం! అది దూరంగా ఉంటే అందుకుందామని ఎగబాకుతాయి. కాడలో బలం ఉండదు. కిందికి దించు. చిన్న ఫ్యాను పెట్టు, గాలికి ఊగితే కాడ గట్టిపడుతుంది. సాగినవాటికి మెడదాకా మట్టి ఎగదోయి."

అన్నీ చేశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మట్టి ఎగదోసినట్టే ఉంది. దీపం మాత్రం ఓరెస్ట్ ఇల్లు కదిలితే చాలు, పైకి పోతోంది.

ఇవి కూడా పోతే మళ్ళీ విత్తనాల్లేవు. దుకాణంలో కొన్న గంజాయి తైలాలేవీ స్టెఫాకి పడలేదు. తాగితే కడుపులో తిప్పేది. డ్వేన్ వాళ్ళమ్మ కీళ్ళ నొప్పులకి ఈ రకం బాగా పనిచేసిందట. ఓరెస్ట్ ఆశంతా దీనిమీదే.

స్టెఫా అతని భార్య. నిరుటి చలికాలంలో కీళ్ళు పట్టేసి మంచమెక్కింది. వేళ్ళు ముడుచుకుపోయాయి. కప్పు కూడా పట్టుకోలేదు. సూప్ తాగించడం, జడ వేయడం అన్నీ ఓరెస్టే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉత్తరాన చమురు క్యాంపుల్లో బతికినవాడు. ఇంటి మొహం చూసింది నెలకో వారం. అలాంటివాడు సెలవు పెట్టి భార్య పక్కన కూర్చున్నాడు. మంచు కరిగేలోపు రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటామని క్యాంపు నుంచి ఫోనొచ్చింది.

"వెళ్ళిపో. నా కోసం నీ బతుకు పాడుచేసుకోకు" అంది స్టెఫా. కళ్ళు తుడుచుకుందామని చెయ్యెత్తబోయి, ఎత్తలేక ఊరుకుంది.

అతనే తుడిచాడు. "నువ్వు లేచి తిరిగిన రోజున పోతా. అప్పటిదాకా కదలను. ఈ మొక్కలు పూతకి రానీ, నీ నొప్పి ఎందుకు తగ్గదో చూస్తా."

కానీ రానిచ్చేదెవరు? ఓరెస్ట్ అనుమానమంతా నెట్టీ మీద. స్టెఫాకి అక్క. సాయానికని వచ్చి ఇక్కడే ఉంటోంది. ఏ ఆదివారమూ చర్చి మానదు. ఈ మొలకల్ని చూసిన రోజే గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

బట్టలు మడతపెడుతున్న ఆవిడ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"వదినా, దీపం ముట్టుకున్నావా?"

"నీ గంజాయి వనంలో నాకేం పని?"

"వాషింగ్ మెషీన్ అక్కడే ఉందిగా."

"బ్లీచ్ సీసా కూడా అక్కడే ఉంది నాయనా. చంపాలనుకుంటే ఒక్కసారి పోసేస్తే పీడా పోయేది. రోజూ గొలుసు పట్టుకుని ఈ కోతి వేషాలెందుకు నాకు?"

జవాబు సూటిగానే ఉంది. మరీ సూటిగా ఉండడమే అతనికి నచ్చలేదు.

స్టెఫాని అడిగాడు. ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"అక్కనేమీ అనకు. పాపభయం ఎక్కువ దానికి. నువ్వు ట్రక్కు తీసుకుని బయటికెళ్ళినప్పుడల్లా మెట్ల చప్పుడు వినిపిస్తుంది. అంతే. నేనేమన్నా చూశానా?"

ఇంకేం కావాలి!

మర్నాడు పొద్దున స్టెఫాకి చెంచాతో ఓట్స్ జావ తినిపించి, మూతి తుడిచి, "టౌనుకెళ్ళొస్తా" అని ఇల్లంతా వినబడేలా అరిచాడు. ట్రక్కును డ్వేన్ షెడ్డు వెనక దాచాడు. మంచులో పడుతూ లేస్తూ తిరిగొచ్చి, పెరటి తలుపు గుండా బేస్‌మెంట్‌లోకి దూరి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ వెనక నక్కాడు.

నెట్టీని ఎలా కడిగెయ్యాలో మాటలు పేర్చుకున్నాడు. సొంత చెల్లెలు నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఉన్న ఒక్క మందునీ చంపుతుందా? ఏం మనిషి! ఇవాళే పెట్టె సర్దించి పంపించెయ్యాలి.

మెట్లు కిర్రుమన్నాయి. చకచకా దిగుతున్న అడుగులు. పైగా కూనిరాగం ఒకటి. ఎంత ధైర్యం! ఓరెస్ట్ పళ్ళు కొరుక్కుంటూ, అరవడానికి నోరు తెరిచి, ఫర్నేస్ చాటునుంచి తల బయటపెట్టాడు.

రెండు చేతులా గొలుసు పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, దీపాన్ని దూలం దాకా లాగి కొక్కేనికి తగిలిస్తోంది స్టెఫా.