నంబరు కలిసిన ఎయిర్‌బ్యాగ్

"ఆ గ్యారీ లండ్‌స్ట్రమ్ మట్టికొట్టుకుపోనూ! వాడి పుణ్యమా అని ఇది నాకు పన్నెండో యార్డు" అన్నాడు ఫ్లాయిడ్ వార్గా, బూట్లకంటిన బురద గుమ్మం దగ్గర దులుపుకుంటూ.

"తిట్లకి ఇక్కడ డబ్బులు పుచ్చుకోం గానీ, ముందు పార్టు నంబరు చెప్పు నాయనా" అంది డోరీన్. అమెరికాలో టొలీడో ఊరి శివార్లలోని ఆ తుక్కు కార్ల యార్డు ఆమెదే. అరవై దాటిన మనిషి. కాఫీ కప్పు పక్కన పెట్టి కళ్లద్దాలు తగిలించుకుంది.

ఫ్లాయిడ్ జేబులోంచి నలిగిన కాగితం తీసి చదివాడు. నల్ల రంగు జర్మన్ కారు, డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్.

"ఖరీదైన బండే! ఎవడా లండ్‌స్ట్రమ్?"

"పాత కార్ల బేరగాడు. ఇంత భద్రమైన బండి ఓహాయో మొత్తంలో లేదని భుజం మీద చెయ్యేసి అంటగట్టాడు. వెల్డింగు చేసుకునేవాడికి ఈ కారేమిటని మా వీధంతా నవ్వింది. అయినా కొన్నాను. నాలుగు నెలలు తిరక్కుండానే తేలింది, స్టీరింగులో ఉన్న బ్యాగు దేనికీ పనికిరాదని. అడగబోతే, అమ్మేనాటికి బాగానే ఉంది, కాదనడానికి నీ దగ్గర రుజువుందా అంటాడు."

"అందరూ అదే మాట. బడికెళ్లి నేర్చుకుంటారు కాబోలు."

"నేను బడి మానేశాకే చెప్పుంటారు."

డోరీన్ నవ్వి, వెనక అరలోంచి ఒక అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెట్టింది. "ఇదిగో. నీ పార్టు నంబరే, అక్షరం పొల్లుపోకుండా. మూడు వందల యాభై డాలర్లిచ్చి పట్టుకుపో."

ఫ్లాయిడ్ పెట్టె మూత తియ్యలేదు. దాని మీద రాసి ఉన్న పదిహేడు అంకెలు మాత్రం చూశాడు. తుక్కు యార్డులో తీసిన ప్రతి సామానుమీదా అది ఏ బండిలోదో ఆ బండి నంబరు రాసి పెడతారు. కాగితంతో పోల్చి చూసి పెట్టె వెనక్కి నెట్టాడు.

"ఇది కాదు."

"కాకపోవడమేంటి? సరిగ్గా సరిపోతుంది!"

"సరిపోతుంది. ఇంకోటుందా?"

"ఓహో, లోపముందని కంపెనీ వెనక్కి పిలిపించిన రకమేమోనని భయమా? ఇది మంచిదే. ఇంకోటి వెనక వరసలో ఉంది, ఇంకా బండిలోంచి తియ్యలేదు. కానీ అది బెనీ అని ఒక మెకానిక్‌కి మాటిచ్చేశాను. మూడింటికొస్తాడు."

గోడ గడియారంలో రెండూ పది.

"చూపించండి" అన్నాడు ఫ్లాయిడ్.

నీళ్లు నిలిచిన గుంతలు దాటుకుంటూ వెళ్లారు. ఆ బండి ముందు భాగం అప్పడంలా నలిగిపోయి ఉంది. ఫ్లాయిడ్ వంగి, అద్దం కింద రేకుమీదున్న నంబరును వేలుపెట్టి ఒక్కో అంకెగా చదివాడు. రెండోసారీ చదివాడు. మూడోసారి కాగితం పక్కన పెట్టి పోల్చి, కారు పైకప్పు మీద చెయ్యి ఆనించాడు.

"సంబంధం చూడ్డానికొచ్చినవాడిలా అంతసేపేంటయ్యా! చూడు, మొహం ఇంత చితికినా బ్యాగు మాత్రం తెరుచుకోలేదు. ముడి విప్పని మూట. నీ అదృష్టం."

"ఇదే కావాలి."

"బెనీకి మాటిచ్చానని చెప్పానా?"

"ఆ పెట్టెలోది అతనికివ్వండి. పార్టు నంబరు అదేగా?"

"మరదే నువ్వు పట్టుకుపోవచ్చుగా, మొండిఘటమా!"

"ఇది అతని బండిలోకి పోకూడదు. తొమ్మిది వందలిస్తాను."

డోరీన్ కళ్లద్దాలు ముక్కుమీదికి జార్చి చూసింది. ముప్పై ఏళ్ల వ్యాపారంలో బేరం కిందికి లాగేవాళ్లనే చూసింది గానీ పైకి తోసేవాణ్ని చూడలేదు. "పనిముట్లు తెస్తానుండు" అంది.

"బ్యాగు విప్పకండమ్మా. స్టీరింగుతో సహా తియ్యండి. తీగలు తెంపొద్దు. సీటు పక్కనుండే ఆ చిన్న కంప్యూటరు డబ్బా కూడా ఇవ్వండి."

"అది మార్చాల్సిందేలే. పని తెలిసినవాడివే! బిగించేదెవరు?"

"చూసేవాళ్లు వేరే ఉన్నారు."

ఆమె విప్పుతున్నంతసేపూ ఫ్లాయిడ్ ప్రతి మరనూ ఫోనులో ఫోటో తీశాడు. లోపలికొచ్చాక డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు చూసి తల అడ్డంగా ఊపాడు.

"బండి నంబరు రాయండి. బండి ముందునుంచి గుద్దుకుంది, బ్యాగు తెరుచుకోలేదు అని కూడా రాసి సంతకం పెట్టండి."

"ఇది తుక్కు యార్డయ్యా, నగల కొట్టు కాదు! హామీపత్రం కావాలంటావు, అంతేగా?"

"అలాగే అనుకోండి."

డోరీన్ గొణుక్కుంటూనే రాసింది. అతను ఆ రసీదును మూడు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. స్టీరింగూ కంప్యూటరు డబ్బా సర్దిన పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని బయటికి నడిచాడు.

"ఏయ్, బిగించేటప్పుడు బ్యాటరీ తీగ ముందు పీకమని చెప్పు! ఇది మూతిమీద పేలిందంటే నాకు సంబంధం లేదు!" గుమ్మంలోంచి అరిచింది డోరీన్.

"పేలదు" అన్నాడు ఫ్లాయిడ్.

తన పాత ట్రక్కులో పెట్టెను పక్కసీట్లో ఉంచి బెల్టు పెట్టాడు. ఇంటి దారి పట్టలేదు. బీమావాళ్లు తుక్కుకి అమ్మేసిన తన బండిలోంచి ఇన్నాళ్లకి రుజువు దొరికింది; లాయరు ఆఫీసు అయిదింటికి మూసేస్తారు. ఇప్పుడు బయల్దేరితే అందుతుంది. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా పెట్టె కదలకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

అతను కొనిచ్చిన ఆ బండిలో, అది తెరుచుకోనందుకే చచ్చిపోయిన అతని కూతురికి అప్పటికి పందొమ్మిదేళ్ల నాలుగు నెలలు.