పెట్టెలో గొంతులు

"దొంగ దొరికాడు ధరణీ!"

ధరణి స్నేహితుడు, ఆమె సర్వీసుకి ప్రోగ్రాములు రాసే గౌరీశంకర్ కేకకి అంకులిలోని ఆ చిన్న ఆఫీసు ఉలిక్కిపడింది.

కొత్తగా చేరిన ఉదయ్ కంప్యూటర్లో ధరణి ఫైళ్లు కాపీ అవుతున్నాయి.

అవి తుఫాను హెచ్చరికలు. గంజాం తీరమంతా తిరిగి, కాసులమ్మలాంటి జాలరి ఆడవాళ్ల చేత వాళ్ల మాటలోనే చెప్పించి ధరణి రికార్డు చేసిన గొంతులు. రేపు ఛత్రపూర్‌లో అధికారుల ముందు వినిపించాలి. నచ్చితే తీరమంతా ఆమె హెచ్చరికల సర్వీసే.

"ఎవుడికి అమ్ముతున్నావురా?" ఉదయ్ మీదికొచ్చాడు గౌరీశంకర్.

"అమ్మటం కాదండి. పెట్టెలో పెడతన్నాను."

పెట్టె అంటే కంటైనర్. ప్రోగ్రామునీ, దానికి కావలసిన ఫైళ్లనీ ఒకేచోట సర్ది సర్వర్‌కి పంపే మూట.

"అది నేను సర్దీసాను. నీకేటి పని?" గద్దించాడు గౌరీశంకర్.

ఉదయ్ అతని వంక ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

సంజాయిషీ చెబుతాడేమోనని ధరణి చూసింది. అతను తెర వంకే చూస్తున్నాడు.

"ఎల్లిపో. మళ్లీ కనబడకు!" అంది ధరణి.

లేస్తూ లేస్తూ ఉదయ్ ఒక మీట నొక్కాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు ఛత్రపూర్‌లో అధికారులు వచ్చి కూర్చున్నారు. గౌరీశంకర్ రాలేదు. అతని ఫోన్ స్విచాఫ్.

అంతలో ఆఫీసు నుంచి రామతులసి ఫోన్.

"కొంప ములిగిందక్కా! గౌరీశంకర్ పోటీ కంపెనీలో సేరిపోనాడు. గొంతులన్నీ తుడిచీసి, కంప్యూటర్ పట్టుకుపోనాడు!"

"పెట్టెలో ఉన్నాయి కదే?"

"ఆడు ఎట్టలేదక్కా! గొంతుల్ని ఆడి కంప్యూటర్లోంచి తెచ్చుకునేలా ప్రోగ్రాము రాసాడు. అది ఆపీస్తే మన సర్వీసు మూగే!"

ఒకే కేరేజీలో అన్నం పంచుకున్న స్నేహితుడు!

"మొదలుపెట్టండి," అన్నాడు అధికారి.

ధరణి బటన్ నొక్కింది.

నిశ్శబ్దం.

తర్వాత కాసులమ్మ గొంతు ఖంగుమంది.

"ఓరయ్యల్లారా! గాలొస్తంది, సముద్రంలోకి ఏటకెల్లకండి!"

ఒక్కొక్కటిగా గొంతులన్నీ పలికాయి. అన్నీ ఉదయ్ సర్దిన పెట్టెలోనే ఉన్నాయి.

ధరణి బయటికి పరుగెత్తి ఉదయ్‌కి ఫోన్ చేసింది. అతని తల్లి ఎత్తింది.

"ఆడు లేడమ్మా. ఫోన్ ఇక్కడే పడీసి, గిరిసోలలో రైలెక్కీసినాడు. ఏ ఊరో సెప్పనేదు."

"ఎందుకెల్లిపోయాడమ్మా?"

"'నా పనికి అడ్డొచ్చినాడు, గుమ్మం తొక్కనివ్వను' అని పెద్దోడు గెంటీసినాడు."

"పెద్దోడెవరు?"

"అదేటమ్మా, మీ గౌరీశంకరే! తమ్ముడని నీకు సెప్పొద్దని, ఆడే కదా మా ఉదయ్‌ని నీ దగ్గర ఎట్టింది!"