ఇంటంత గుండె

రోరీ రెండు చేతులూ దగ్గరికి తెచ్చాడు. గదంతా నిండిన గుండె బంతి అంత అయింది.

"పట్టు టెస్!" అని విసిరాడు.

కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకున్న టెస్ ఒంటిచేత్తో అందుకుంది. "చేతకాని విసురు!"

ఆక్లండ్‌లోని ఆ ప్రయోగశాలలో కాబోయే సర్జన్లు గుండె ఆపరేషన్లు నేర్చుకుంటారు. అది ఒక అసలు గుండెను స్కాన్ చేసి తీసిన బొమ్మ; ఆ గుండెకు పుట్టుకతోనే రంధ్రం.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. పూల గౌను, తడిసిన గొడుగు. యాభై దాటిన సమోవా ఆవిడ.

"ప్రొఫెసర్ గారు రమ్మన్నారు బాబూ. నేనూ చూడొచ్చా?"

"ఆయనింకా రాలేదు. పెట్టుకోండి ఆంటీ."

హెడ్‌సెట్ తగిలించి, గుండెను ఇంటంత చేశాడు. ఆమె దాని లోపల నిలబడింది.

"నడిచి చూస్తాను" అంది.

"నడిస్తే తెల్లారిపోద్ది. ఎగరాలి!"

మీట నొక్కాడు. ఎర్రటి గోడలు మీదికి దూసుకొచ్చాయి. ఆమె తూలి టెస్ భుజం పట్టుకుంది.

"ఆపరా!" అని అరిచింది టెస్. "కాళ్లు కదలకుండా కళ్లు పరిగెడితే కడుపులో తిప్పేస్తుంది. కనీసం చూపు అంచుల్లో చీకటి చెయ్యి."

"కొత్తవాళ్లకి ఇదే మా స్వాగతం!"

గిర్రున తిప్పాడు.

"కళ్లు మూసుకోండి ఆంటీ" అంది టెస్.

"మూసుకోను."

చెయ్యి చాచి గోడను తాకబోయింది. చెయ్యి అందులోంచి దూరిపోయింది.

"తగలదా బాబూ?"

"బొమ్మే కదా! ఇందాక దీంతో క్యాచ్‌లు ఆడుకున్నాం."

ఆమె హెడ్‌సెట్ తీసేసింది. మూలనున్న చెత్తబుట్ట మీదికి వంగి వాంతి చేసుకుంది. రోరీ పగలబడి నవ్వాడు.

మూతి తుడుచుకుని అడిగింది. "దీని మీద నేర్చుకుని పిల్లల్ని బతికిస్తారా?"

"ఆ... మా సీనియర్లు చాలామందిని బతికించారు."

"మంచిది."

గొడుగు తీసుకుని వానలోకి వెళ్లిపోయింది.

కాసేపటికి ప్రొఫెసర్ గ్రేలింగ్ ఆయాసపడుతూ వచ్చాడు. "వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. ఆవిడ వచ్చిందా?"

"వచ్చింది, కక్కుకుంది, పోయింది" అన్నాడు రోరీ.

ప్రొఫెసర్ కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. బస్టాపులో ఎవరూ లేరు.

"ఏళ్ల తరబడి పిలుస్తుంటే ఇవాళ్టికి ధైర్యం చేసింది. రేపు సమోవాలోని సొంతూరు ఏపియా వెళ్లిపోతోంది. ఇక రాదు."

"ఎవరావిడ?" టెస్ గొంతు తగ్గింది.

ఆయన కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

"చుట్టాలంతా కాదన్నా వినకుండా, చనిపోయిన తన ఏడేళ్ల కొడుకు గుండెను మనకిచ్చిన తల్లి."