రేపు వెళ్లిపోతుంది

మూడో రోజు కూడా పొగమంచు విడవలేదు.

మురళీ తెల్లవారగానే లేచాడు. క్యాంపర్ వ్యాన్‌లోని చిన్న స్టవ్ మీద కాఫీ కాచి, ఫ్లాస్కులో పోసుకుని సముద్రపు కట్ట ఎక్కాడు. కట్ట మీద గొర్రెలు తప్ప ఎవరూ లేరు. ట్రైపాడ్ నిలబెట్టి, చెయ్యంత పొడుగు లెన్సు బిగించి, మడత కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా కిలోమీటరు దూరంలో ఉండాల్సిన ఇసుకదిబ్బ కనిపించడం లేదు. అసలు సముద్రమే కనిపించడం లేదు.

ఆయనకు డెబ్భై ఒక్కేళ్లు. జిండెల్ఫింగెన్ కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్లు ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. భార్య కనకలత పోయాక ఈ వ్యాన్ కొన్నాడు. ఏటా వసంతంలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి ఎనిమిది వందల కిలోమీటర్లు ఒక్కడే నడుపుకుంటూ జర్మనీ ఉత్తరపు అంచున ఉన్న ఈ కట్ట దగ్గరికి వస్తాడు. వ్యాన్‌లో రెండు పడకలున్నాయి. రెండోదాని మీద కెమెరా సంచులు ఉంటాయి. ఈ వసంతంలో మోకాలి ఆపరేషన్ వల్ల రాలేకపోయాడు. చూసి ఏడాదయింది.

పదింటికి పక్క వ్యాన్‌లోంచి ప్రవీణ పులిహోర డబ్బా పట్టుకుని వచ్చింది. ఆమెది కరీంనగర్. వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భర్త సృజన్‌తో కలిసి సెలవులకు అద్దె వ్యాన్‌లో వచ్చింది. మొన్న వ్యాన్లు నిలిపే స్టెల్‌ప్లాట్జ్‌లో నీళ్లు పట్టుకునే చోట, రాని కొళాయిని ఆయన తెలుగులో తిట్టుకోవడం విని పలకరించింది. ఏ పిట్ట కోసం వచ్చారని అప్పుడే అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఈ ఫొటోగ్రాఫర్లు తమ పిట్ట పేరు ఎవరికీ చెప్పరని సృజన్ తేల్చేశాడు.

"ఇయ్యాల గూడ కనవడలేదా అంకుల్?"

"లేదమ్మా."

"ఇంకో నాలుగు రోజులు ఉండరాదుండ్రి. ఎండొస్తది."

"అది రేపు వెళ్లిపోతుంది. మళ్లీ మార్చి దాకా రాదు."

చలికాలమంతా ఎక్కడుంటుందని ప్రవీణ అడిగింది. ఆయనకు తెలియదు. స్పెయిన్ అని ఒకరు చెప్పారట, ఫ్రాన్స్ అని ఇంకొకరు. అన్నీ ఒక్కతీరుగానే ఉంటాయి కదా, అంత దూరంలో దాన్నే ఎలా గుర్తుపడతారని అడిగింది. నడకను బట్టి, అన్నాడు.

ఆయన డబ్బా మూత తీసి రెండు ముద్దలు తిన్నాడు. కారం బాగుందన్నాడు. ఇంట్లో చేసిన పులిహోర తిని చాలా రోజులైందని కూడా అన్నాడు. కళ్లు మాత్రం మంచులోనే ఉన్నాయి.

ముసలాయన అవస్థ చూడలేక సృజన్ తన డ్రోన్ తెచ్చాడు. ఇక్కడ ఎగరెయ్యకూడదని తెలుసు, కానీ ఈ మంచులో ఎవరు చూస్తారు? దిబ్బ దాకా వెళ్లి రావడం ఐదు నిమిషాల పని.

మురళీ కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "వద్దు. దాని జోలికి పోవద్దు."

గొంతు పెద్దదైందని ఆయనకే తెలిసింది. కూర్చుని ఫ్లాస్కు మూత బిగించాడు. తర్వాత తనంతట తనే చెప్పాడు. రెండేళ్ల కిందట ఆశ ఆపుకోలేక, సీల్ జంతువులను చూపించడానికి దిబ్బ చుట్టూ తిప్పే పడవ ఎక్కాడు. ముందు వరసలో నిలబడ్డాడు. దగ్గరగా చూద్దామనే తప్ప మరే ఉద్దేశమూ లేదు.

"నన్ను చూసింది. చూడగానే వెనక్కి తిరిగింది. మర్నాడు కూడా బయటికి రాలేదు."

"మనిషి మొకం అంత గుర్తుంటదా అంకుల్?"

"ఉంటుంది."

కాకులు కూడా గుర్తుపెట్టుకుంటాయని ఎక్కడో చదివానని ప్రవీణ అంది. ఆయన తలూపాడు.

"ఇక్కణ్ణించి చూస్తే దానికి తెలియదు. నాకిది చాలు."

సృజన్ డ్రోన్ సంచిలో పెట్టేశాడు. మధ్యాహ్నం ఆ జంట బయలుదేరాల్సింది. ఎందుకో ఇద్దరూ వెళ్లలేక, ఆయన పక్కనే దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. గొర్రెలు గడ్డి పీకే చప్పుడు, కనిపించని నీళ్ల చప్పుడు.

మూడు దాటాక గాలి మళ్లింది. మంచు కింది నుంచి చిరిగింది. మొదట బురద కనిపించింది, తర్వాత పల్చటి వెండి నీరు, ఆ వెనక దిబ్బ. వేల పక్షులు ఒక్కసారిగా లేచి ఆకాశాన్ని కప్పేశాయి. సృజన్ ఫోన్ తీసి పైకి ఎత్తాడు. ప్రవీణ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. మురళీ తల ఎత్తలేదు. లెన్సును దిబ్బ మీద అటూ ఇటూ అంగుళం అంగుళం జరిపాడు.

జరపడం ఆగింది.

"వచ్చింది" అన్నాడు.

షట్టర్ ఆగకుండా కొట్టుకుంది. ఒక నిమిషం కూడా గడిచి ఉండదు. మళ్లీ మంచు వచ్చి దిబ్బను కప్పేసింది. అయినా ఆయన వ్యూఫైండర్ మీంచి కన్ను తియ్యలేదు. తీసినప్పుడు రెప్పలు తడిగా ఉన్నాయి. గాలికి అనుకుంది ప్రవీణ.

"బక్కచిక్కింది" అన్నాడు ఆయన. "హుషారుగానే ఉందిలే."

"చూపియ్యండి అంకుల్."

కాసేపు తటపటాయించి, ఆయన కెమెరా ఆమె చేతుల్లో పెట్టాడు.

తెర మీద, ఏటా ఏడు నెలలు ఆ దిబ్బ మీద ఒక్కతే ఉంటూ పక్షుల లెక్క రాసే ఈషా, నాలుగేళ్లుగా తండ్రి ఫోన్ ఎత్తని ఈషా, కర్ర గుడిసె మెట్ల మీద నిలబడి గాలికి రేగిన జుట్టు ముడేసుకుంటోంది.