పట్టా కదిలేదాకా

ఇంజను మోగుతోంది గాని మంచుబండి అంగుళం కూడా కదలడం లేదు. గుస్తావ్ మళ్ళీ ఏక్సిలేటరు నొక్కాడు. ముందు మూతలోంచి రబ్బరు కాలిన వాసన గుప్పున కొట్టింది.

ఊరికి దూరంగా ఉన్న ఈ చెక్క కేబిన్లో కట్టెలు అయిపోయాయి. పొద్దున కూర్చునే బల్లే విరగ్గొట్టి పొయ్యిలో పెట్టాడు. ఎండుకట్టె దొరకాలన్నా బండి మీదే పోవాలి. లాబ్రడార్ తీరం పొడుగునా రాత్రికి తుఫాను అని ట్రాన్సిస్టరులో చెప్పారు. చీకటి పడేలోగా ఊరు చేరకపోతే ఈ నాలుగు గోడల మధ్య బిగుసుకుపోవడమే.

"ప్రభువా, ఒక్క మనిషిని పంపించు" అన్నాడు పైకే.

అడగడానికి కాస్త సిగ్గేసింది. భార్య హుల్డా పోయాక మనుషుల మొహం చూడలేక ఇక్కడికి వచ్చి రెండు వారాలు దాటింది. ఎవరూ పిలవకుండా వాకీటాకీ ఆపేసి మూల పడేశాడు. ఇప్పుడు దాన్నే వెతికి తెచ్చి మీట నొక్కాడు.

"ఎవరైనా ఉన్నారా? నేను గుస్తావ్‌ని."

గరగరమంది. తర్వాత ఒక గొంతు.

"బతికే ఉన్నావా బావా? నీ తోలుకోటు ఎవరికివ్వాలా అని ఊళ్ళో పంచాయితీ కూడా పెట్టేశాం."

హుల్డా తమ్ముడు మనాస్సే. గుస్తావ్‌కి ప్రాణం లేచి వచ్చింది.

"బండి కదలట్లేదురా. వెనక రబ్బరు పట్టా రాయిలా బిగుసుకుపోయింది."

"ఏక్సిలేటరు నొక్కుతున్నావా?"

"నొక్కకేం చేయను?"

"ముందు ఇంజను ఆపు! పట్టాని తిప్పే బెల్టు కాలిందంటే ఇక కదిలేది లేదు. ఇంకో బెల్టు ఉందా?"

"లేదు."

"ఉంటుందని నేనూ అనుకోలేదులే. వచ్చిననాడు కొమ్మలు పరిచి వాటి మీద ఆపావా, మంచులోనే వదిలేశావా?"

గుస్తావ్ మంచులో కూరుకుపోయిన బండి వంక చూశాడు.

"వేడి బండిని మెత్తటి మంచులో వదిలేస్తే మంచు కరిగి పట్టాలోకి దిగుతుంది, మళ్ళీ అక్కడే గడ్డకడుతుంది. చంటిపిల్లలకి కూడా తెలుసు బావా."

"కొమ్మలు ఎప్పుడూ హుల్డానే పరిచేది" అన్నాడు గుస్తావ్.



"సరే, పార తీసుకో" అన్నాడు మనాస్సే.

చుట్టూ మంచు తవ్వేసరికి గుస్తావ్‌కి ఆయాసం వచ్చింది. "నువ్వే ఒకసారి రారాదూ? మీ ఇంటి నుంచి గంట ప్రయాణమేగా."

"నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఇప్పుడు లేవడం నా వల్ల కాదు."

"ఒళ్ళు బలిసింది నీకు!"

"అదీ నిజమే. తవ్వు, తవ్వు."

మనిషిని పంపమంటే గొంతు పంపించావా అని గుస్తావ్ ఆకాశం వంక చూశాడు. అక్కడ బూడిదరంగు మబ్బు తప్ప ఏమీ లేదు.

"టీకి కాచిన నీళ్ళున్నాయి. పట్టా మీద పోయనా?"

"నువ్వు తాగు. పట్టాకి పోస్తే ఇంకో పొర గడ్డకడుతుంది. బండిని పక్కకి పడేసి చెక్కతో కొట్టు. గొడ్డలి తియ్యకు, రబ్బరు చీలుతుంది. లోపలి చక్రాల చుట్టూ కొట్టు. నిదానంగా."

గుస్తావ్ కొడుతున్నాడు. గాజుముక్కల్లా మంచు రాలుతోంది. వేళ్ళు మొద్దుబారాయి. విసుగొచ్చి గట్టిగా నాలుగు బాదాడు. మోచెయ్యి తగిలి మీట నొక్కుకుందేమో, ఆ చప్పుడు అవతలికి వినబడ్డట్టుంది.

"నిదానం అన్నానా!" అని అరిచాడు మనాస్సే. తర్వాత గొంతు తగ్గించాడు. "బావా, ఏదైనా మాట్లాడుతూ ఉండు. లేకపోతే పాట పాడు. అక్క గుళ్ళో పాడేదే, ఏదో ఒకటి. నాకు నిద్ర ముంచుకొస్తోంది."

"నేనిక్కడ చస్తుంటే నీకు నిద్రొస్తోందా?"

"పాడు బావా."

గుస్తావ్‌కి పాట రాదు. గుళ్ళో హుల్డా పాడుతుంటే పక్కన నిలబడి పెదవులు ఆడించేవాడు, అంతే. అయినా ఒక చేత్తో మీట నొక్కి పట్టుకుని, రెండో చేత్తో కొడుతూ పాడాడు. రెండో చరణంలో మాటలు మరిచిపోయాడు. మొదటి చరణమే మళ్ళీ అందుకున్నాడు.

"ఎంత దరిద్రంగా పాడుతున్నావు! నిద్ర ఎగిరిపోయింది. ఇప్పుడు పట్టాని చేత్తో లాగి చూడు."

లాగాడు. కిర్రుమంది. ఇంకోసారి లాగితే జానెడు తిరిగింది.

"వచ్చింది!"

"అప్పుడే ఎక్కకు. బండిని నిలబెట్టి, వెనక భాగం ఎత్తి, బోర్లించిన చేపల తొట్టి మీద పెట్టు. ఇంజను వేసి, గాల్లోనే మెల్లగా తిప్పు. వెనక నిలబడకు."

పట్టా గాల్లో తిరిగింది. మిగిలిన మంచుపెళ్ళలు ఎగిరి కేబిన్ గోడకి తగిలాయి. ఈసారి కాలిన వాసన రాలేదు. గుస్తావ్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఎన్నాళ్ళకో తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. బండిని కిందికి దించి, టోపీ సర్దుకుని ఎక్కి కూర్చున్నాడు.

"మనాస్సే, బయల్దేరుతున్నా! చీకటి పడకుండానే ఊళ్ళో ఉంటా. లేచి టీ పెట్టరా సోమరీ!"

 మనాస్సే గొంతు సన్నగా వణుకుతోంది.

"ఊరివైపు తిప్పకు బావా. గడ్డకట్టిన అఖాతం మీదుగా నల్లకొండ దగ్గరికి రా. నిన్ను తీసుకెళ్దామని వస్తూ ఇక్కడ బోల్తాపడ్డాను. మధ్యాహ్నం నుంచి నా బండి నా కాళ్ళ మీదే ఉంది. కొండ అడ్డం వచ్చి ఈ వాకీటాకీ ఊరిదాకా అందడం లేదు. ముందే చెప్పి ఉంటే కంగారులో ఆ బెల్టు కాల్చేసేవాడివి."