సోఫా మీద మొసలి

సోఫా మీద మొసలి ఉంది. అందుకని లైబ్రేరియన్ స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

మొసలిని గుడ్ల అట్టలతో చేశారు. ఆకుపచ్చ రంగు ఇంకా ఆరలేదు. ఫ్రిజ్ పక్కన పాత పేపర్ల జిరాఫీ నిలబడి ఉంది. కిటికీ గట్టు మీద కూల్‌డ్రింక్ సీసాల ఏనుగులు వరసగా వీధిలోకి తొండాలు చాపి ఉన్నాయి.

ఈ ఏడాది పాప స్కూల్లో క్రాఫ్ట్ పీరియడ్ పెట్టారు. ఇంట్లో పారేసేవి పట్టుకెళ్ళాలి. వాటితో ఏదో ఒకటి చేసి మళ్ళీ ఇంటికే తెచ్చుకోవాలి. “ఏదైనా పారేసే ముందు ఒక్కసారి దాని మొహం చూడండి” అని క్రాఫ్ట్ టీచర్ పిల్లలకు నూరిపోసింది. పిల్లలు చూశారు. పాల ప్యాకెట్టుకు మొహం ఉంది. తుప్పు పట్టిన తాళానికీ ఉంది. దాంతో ఇళ్ళల్లో చెత్తబుట్టలకు పని లేకుండా పోయింది.

“వీటిలో సగమైనా తీసేద్దామా?” అని భార్యను అడిగాడు.

“పసిపిల్లల చేతిపనండీ. పారేయడానికి మనసెలా వస్తుంది?” అంది ఆమె, బ్యాగు భుజాన తగిలించుకుంటూ.

ఆమె పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోతుంది. పాపను స్కూలు దగ్గర దింపడం అతని వంతు.

గేటు దగ్గర రోజూ ఇదే గోల.

“మావాడు నిండు షాంపూ సీసా సింకులో ఒంపేశాడు. ఎందుకురా అంటే ఖాళీ సీసా కావాలట,” అన్నాడు బట్టల కొట్టాయన.

“మా అమ్మాయి ముళ్ళపంది చేసింది. ముళ్ళేమో టూత్‌బ్రష్షులు. నేను వాడుతున్నది కూడా అందులోనే ఉంది,” అన్నాడు పళ్ళ డాక్టరు. “ఆ టీచరమ్మకు ఇల్లూ వాకిలీ ఉన్నట్టు లేదండీ. ఉంటే తెలిసేది.”

పాప షూ లేసు ఊడింది. కట్టడానికి లైబ్రేరియన్ కిందికి వంగాడు. చాలాసేపు కట్టాడు.

అతని కుటుంబం ఆ ఊరికి కొత్త. గేటు దగ్గర మొదటిసారి ఈ మాటలు విన్నప్పుడే నోరు విప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడిక సందు దొరకడం లేదు. అతని మౌనాన్ని మిగతావాళ్ళు పెద్దరికం కింద జమకట్టేశారు.

“హెడ్మాస్టర్‌తో మీరే మాట్లాడాలి,” అన్నాడు డాక్టరు. “మీరైతే మెత్తగా చెబుతారు. మేం వెళితే గొంతు లేస్తుంది.”

“నన్నొదిలేయండి.”

“అంత మొహమాటమైతే ఎలాగండీ? మీ ఇంట్లో మాత్రం సామాను పేరుకోవడం లేదా?”

“పేరుకుంటోంది,” అని ఒప్పుకున్నాడు లైబ్రేరియన్. ఆ ఒక్క మాటతో ఇరుక్కుపోయాడు.

ఆ రాత్రి అన్నం తింటుండగా భార్య అడిగింది. “గేటు దగ్గర అందరూ ఏం మాట్లాడుకుంటున్నారు?”

“ఎండల గురించి,” అన్నాడు.

మర్నాడు ముగ్గురూ హెడ్మాస్టర్ గదిలో కూర్చున్నారు. లైబ్రేరియన్ మెల్లగా, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా సంగతి చెప్పాడు. హెడ్మాస్టర్ తల పంకించాడు.

“పీరియడ్ ఎత్తేయమంటారా? ఆవిడది టెంపరరీ పోస్టే. ఒక్క మాటతో అయిపోతుంది.”

డాక్టరు ‘సరే’ అనబోయాడు.

“ఎత్తేయొద్దు,” అన్నాడు లైబ్రేరియన్. అతని గొంతు అంత పెద్దదని మిగతా ఇద్దరికీ అప్పుడే తెలిసింది. “మా పాప ఇదివరకు ఏ పనైనా సగంలో వదిలేసేదండీ. మొన్న మొసలికి పళ్ళన్నీ అంటించేదాకా అన్నానికి లేవలేదు. ఆవిడ బాగా నేర్పుతున్నారు. చేసినవి ఇళ్ళకు రాకపోతే చాలు.”

“అయితే ఆవిడను పిలిపిస్తాను. మీరే ఎదురుగా...”

“వద్దండీ. ఎవరు చెప్పారన్నది కూడా ఆవిడకు తెలియనవసరం లేదు.”

“పాపకు మార్కులు తగ్గుతాయని భయం,” అని డాక్టరు బట్టల కొట్టాయన చెవిలో గొణిగాడు.

హెడ్మాస్టర్ ఒక నిమిషం ఆలోచించి తేల్చేశాడు. పీరియడ్ ఉంటుంది. పిల్లల సంచుల్లో మాత్రం ఇక ఒక్క బొమ్మ కూడా ఇంటికి రాదు. స్కూల్లో పెట్టుకోవడానికీ చోటు లేదు. ఆ తిప్పలేవో టీచరే పడుతుంది.

బయటికొచ్చాక డాక్టరు టీ ఇప్పించాడు. బట్టల కొట్టాయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. “మా ఇంట్లో కాలు పెట్టే చోటు మిగిలిందంటే మీ చలవే,” అన్నాడు.

సాయంత్రం లైబ్రేరియన్ తొందరగా ఇల్లు చేరాడు. మొసలిని జాగ్రత్తగా ఎత్తి బీరువా మీద పెట్టాడు. సోఫాలో కాళ్ళు బారజాపి కూర్చున్నాడు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ఎండల సంగతి ఒక్కటి తప్పిస్తే అబద్ధం కూడా ఆడలేదు. ఎన్నో వారాల తర్వాత అతనికి హాయిగా కునుకు పట్టింది.

కింద ట్రాలీ ఆటో ఆగింది. కాసేపటికి ఎవరో తలుపు కొట్టారు. తీసి చూస్తే, గుమ్మంలో డ్రైవరు. అతని వెనక మెట్ల నిండా, వీధి వరకూ, ఉబ్బిపోయిన బస్తాలు.

“స్కూల్లో ఉంచొద్దు, పిల్లల ఇళ్ళకు పంపొద్దు అన్నారటండీ, అందుకని అన్ని క్లాసులవీ తీసుకెళ్ళి ఇక్కడే హాల్లో దింపెయ్యమన్నారు మీ ఆవిడ, అదేనండీ, మా క్రాఫ్ట్ టీచర్ గారు,” అన్నాడు డ్రైవరు.