తప్పిపోయిన పూట

“నందు ఏడి ఆయమ్మా?”

నర్సరీ గదిలోంచి షారోన్ టీచర్ వేసిన కేకకు, నల్లా కింద గౌను కడుగుతున్న కృష్ణమ్మ చేతులు ఆగిపోయాయి. వాంతి చేసుకున్న పిల్లను ఎత్తుకుని ఇటు వచ్చేటప్పుడు నందు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు లేడు.

“ఒక్క పిల్లగాన్ని చూస్కొమ్మంటే అది గూడ చాతగాదా? మరి నువ్వెందుకున్నవ్ ఇక్కడ?” పిల్లలందరి ముందే అనేసింది టీచర్.

కృష్ణమ్మకు జవాబు నోటిదాకా వచ్చింది. అంతలో టీచర్ కొంగు పట్టుకుని వేలాడుతున్న పిల్లలు కనబడ్డారు. పక్క సెక్షన్ టీచర్ రాలేదు. రెండు గదుల పిల్లలనూ పొద్దుటి నుంచి ఆమె ఒక్కతే సముదాయిస్తోంది. కృష్ణమ్మ గౌను పక్కన పెట్టి, పిల్లను టీచర్‌కు అందించింది.

“ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. మీరు పిల్లల కాడ ఉండుండ్రి. నేను తోల్కొస్తా.”

బడి చుట్టూ ఉన్న ఛత్రినాక సందుల్లో ఎక్కడో బోనాల డప్పులు మోగుతున్నాయి. నందుకు మాటలింకా సరిగా రావు గానీ చప్పుడంటే ప్రాణం. ఆటోలను తప్పించుకుంటూ ఆమె ఆ మోత వెంటే పరుగెత్తింది. డప్పులవాళ్ళ నడుమ ఎవరి భుజం మీదో కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు వాడు. గుండెకు హత్తుకున్నాక గానీ ఆమెకు ఏడుపు రాలేదు.

తిరిగి రాగానే ప్రిన్సిపాల్ రామలింగం ఆమెనూ షారోన్‌నూ తన గదికి పిలిచాడు. ఉద్యోగం పోయినట్టేననుకుంది కృష్ణమ్మ.

“పిల్లగాడు రోడ్డు మీదికెట్ల పోయిండు?”

“తప్పు నాది సార్,” అంది షారోన్. “ఆయమ్మను నల్లా కాడికి పంపింది నేనే. నందును నేను చూస్కోవాలె.”

కృష్ణమ్మ బిత్తరపోయింది. టీచర్ పంపనే లేదు. ఇన్నేళ్ళ కొలువులో తన పక్షాన ఇంత మాట అన్నవాళ్ళెవరూ లేరు. కళ్ళు నిండాయి.

“గట్ల కాదు సార్. మేడమ్‌కు చెప్పకుండ పోయింది నేనే. ఆమెను ఏమనకుండ్రి.”

“నువ్వు ఊకో ఆయమ్మా,” అంది షారోన్. “ఇందాక అందరి ముందర అట్ల అన్న... మనసుల పెట్టుకోకు.”

“నన్ను కాకుంటే ఎవర్ని అంటరు మేడమ్? మీరు నాకోసం నిలబడ్డరు. నాకు అదే మస్తు.”

రామలింగం లేచి, రెండు కుర్చీలు తనే జరిపి వాళ్ళను కూర్చోమన్నాడు.

“మీ ఇద్దర్ల ఎవరో ఒకరి మీదికి తప్పు తోసేద్దామనే పిలిచిన,” అన్నాడు మెల్లగా. “స్కూటర్ లోపల పెట్టి, గేటు వెయ్యకుండ వచ్చింది నేను.”